మూడో అంతస్తు కో-డైరెక్టర్ గారి లాంచీ

ఈ నాలుగు ముక్కలు చదవబోయే పెద్దలందరికీ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇరవై నాలుగేళ్ళకే స్మృతివ్యాసం రాసే సాహసం చేస్తున్నందుకు క్షమించండి. అందులో పాచికలూ, రాక్షసులూ, పెళ్ళికార్డుల అట్టపెట్టెలూ వస్తున్నందుకు మరింతగా క్షమించండి. మా బిల్డింగ్ లిఫ్టు పాడైనందుకు, ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద కార్లు కదలనందుకు, మా తరంవాళ్ళు ఫోన్లో తలదూర్చి మెట్లు దిగుతున్నందుకు కూడా పూర్తి బాధ్యత నాదే. ఏ నేరం కావాలంటే ఆ నేరం నా మీద రాసుకోండి, చదవకుండా సంతకం పెట్టేస్తాను.

మొన్న మంగళవారం కాక అంతకుముందు మంగళవారం పొద్దున, మా మూడో అంతస్తు కో-డైరెక్టర్ గారు పోయారు.

నాకా సంగతి చెప్పింది ఇస్త్రీ బండి యాదగిరన్న. ప్యాంటు కోసం కిందికి దిగితే, పెట్టె పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"నీకు తెల్వదా? మూడో ఫ్లోర్ సార్ పోయిండు. నిద్రలనే అంట."

బండి మీద ఆయన తెల్లచొక్కాలు రెండు మడతపెట్టి ఉన్నాయి. "నిన్ననే చేసి పెట్టిన. పైకి పోతున్నవ్ గద, తీస్కపో" అన్నాడు. నేను తీసుకోలేదు. నా ప్యాంటు కూడా తీసుకోలేదు. మెట్లెక్కి, మూడో అంతస్తు దగ్గర తెరిచి ఉన్న తలుపు చూసి, ఆగాల్సినవాణ్ణి ఆగకుండా టెర్రస్ మీదికి వెళ్ళిపోయాను. నీళ్ళట్యాంకు చుట్టూ తిరుగుతుంటే నా రూమ్మేట్ సాయి వచ్చి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళాడు.

ఆ రోజు నుంచి నాకు కూర్చోవడం చేతకావడం లేదు. ఇది కూడా వంటగట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. వాక్యాలు అటూ ఇటూ పరిగెత్తితే అర్థం చేసుకోండి.

ముందు మేం ఆడే ఆటేమిటో చెప్పాలి. లేకపోతే పేకాట అనుకుంటారు. ఆయనా అదే అనుకున్నారు. నలుగురైదుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకడు కథ చెప్తాడు, వాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. "మీ ముందు ఒక తలుపుంది, ఏం చేస్తారు?" అని గేమ్ మాస్టర్ అడుగుతాడు. తన్ని తెరుస్తారో, తట్టి పిలుస్తారో, తలుపు వదిలేసి కిటికీ ఎక్కుతారో పాత్రల ఇష్టం. అనుకున్నది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. కథ ఎటు పోతుందో చెప్పేవాడికి కూడా తెలీదు. అదే మజా, అదే నరకం.

మా పెంట్‌హౌస్‌లో శనివారం మధ్యాహ్నాలు ఈ ఆట నడిచేది. పెంట్‌హౌస్ అంటే సినిమాల్లో చూపించేది కాదు, టెర్రస్ మీద కట్టిన ఒంటి గది. సినిమా ఎడిటింగ్‌లో అసిస్టెంటుగా చేసే సాయి, డబ్బింగ్ చెప్పే నిఖిత, మాటలు బొత్తిగా తక్కువైన హర్ష ఆటగాళ్ళు. గేమ్ మాస్టర్ని నేను. ఆ పదవికి నా అర్హతల్లా పెళ్ళికార్డుల అట్టపెట్టె కోసి అడ్డుగా పెట్టుకోవడం, దాని వెనక గొంతు మార్చి మాట్లాడటం.

ఒక శనివారం తలుపు మీద దబదబా చప్పుడు. తీస్తే పంచె, తెల్లచొక్కా, చంకలో పొడుగాటి నోట్‌బుక్కు.

"ఏం దొర్లిస్తున్నారయ్యా పైన? గంట నుంచీ నా నెత్తిన టకటకా టకటకా!"

"డైస్ సార్" అన్నాడు సాయి.

"జూదమా?"

"లేద్సార్, కథ."

"కథకి పాచికలెందుకూ?"

నిఖిత ఓపిగ్గా చెప్పింది. ఆయన మధ్యలో ఆపకుండా విని, మా నీళ్ళబకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నారు. "కానివ్వండి" అన్నారు. నేను రెచ్చిపోయాను. ముప్పై ఏళ్ళు సినిమాలకి పనిచేసిన మనిషి ముందు నా ప్రతిభ చూపించాలి కదా. ఒక కోటని వర్ణించడం మొదలుపెట్టాను. బురుజులు, కందకం, గోడ మందం. ఎంతసేపు వర్ణించానో నాకు తెలీదు, ఆయనకి తెలుసు.

"నరేషన్ ఇస్తోంది నువ్వేనా అబ్బాయ్?"

"అవున్సార్."

"ఆ అమ్మాయి కాళ్ళు చూశావా?"

నిఖిత కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది.

"తప్పుగా అనుకోకమ్మా. ఈయనగారు గోడ కొలతలు మొదలెట్టిన కాణ్ణుంచీ నీ పాదం ఆడుతూనే ఉంది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది పాపం." నా వైపు తిరిగారు. "మొహం చూసి నరేషన్ ఇవ్వకు. మొహానికి మర్యాదుంటుంది. కాళ్ళకి ఉండదు."

ఆయన వెళ్ళాక సాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మామా, నీ ఇజ్జత్ మొత్తం బకెట్లేసి పోయిండు."

తర్వాతి శనివారం ఆయన పిలవకుండానే వచ్చారు. ఆ తర్వాత ప్రతి శనివారం. సార్, మీరూ ఒక పాత్ర తీసుకోండి అంటే వద్దన్నారు. "ఇంకొకడి కథలో పనిచెయ్యడం ముప్పై ఏళ్ళు చేశానమ్మా. ఇక చాలు" అని నవ్వారు. తెనాలి వైపు నుంచి డైరెక్టర్ అవుదామని వచ్చి, కో-డైరెక్టర్ దగ్గరే ఆగిపోయిన మనిషి. ఆ విషయం ఆయన మాకు చెప్పలేదు. ఆ నవ్వు చెప్పింది.

సాయి పాత్ర ఒకసారి కోట మీంచి గాలిపటం పట్టుకుని దూకుతానన్నాడు. "కుదరదు" అన్నాను. బకెట్టు మీంచి దగ్గు వినబడింది.

"హీరోగారు 'నేను హెలికాప్టర్ మీంచి దూకుతాను' అంటే 'కుదరదండీ' అన్న కో-డైరెక్టర్ని మర్నాడు సెట్లో చూశావా ఎప్పుడైనా?"

"మరేమనాలె సార్?"

"'తప్పకుండానండీ, అయితే కింద బురదుంది' అనాలి. దూకాలో మానాలో ఆయనే చూసుకుంటాడు. వాళ్ళ దారికి నువ్వు అడ్డం పడకు. దారిలో బురద పొయ్యి."

సాయి దూకాడు. బురదలో నడుము దాకా కూరుకుపోయి, ఆ మధ్యాహ్నమంతా అందులోంచే యుద్ధం చేశాడు. మా ఆటలో అంత నవ్విన రోజు మరొకటి లేదు. నాకా సలహా ఎంత నచ్చిందంటే మోతీనగర్ నుంచి మా బాపు ఫోన్ చేసి ఆదివారం ఇంటికి రారా అంటే, "తప్పకుండా బాపు, అయితే..." అన్నాను. "ఏంది గీ కొత్త భాష? వస్తవా రావా?" అన్నాడు. ఆ విద్య మా బాపు మీద పనిచెయ్యదు.

హర్ష సంగతి మరోటి. ఆట జరుగుతున్నంతసేపూ ఫోన్ చూసుకునేవాడు. వాడికి ఆట నచ్చలేదనుకుని వాణ్ణి మానిపిద్దామన్నాను. కో-డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు.

"పెళ్ళి సీన్లో వెనక వరసలో వందమందిని నిలబెడతాం. పని చెప్పలేదనుకో, అందరూ కెమెరా వైపే చూస్తారు. నేను ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళేవాణ్ణి. ఒరేయ్, నీ చెప్పు పోయింది, వెతుక్కో. అమ్మా, నువ్వు మేనత్తవి, నిన్నెవరూ భోజనానికి పిలవలేదు. ఇక చూడు, కెమెరా ఎవడికి గుర్తుంటుంది? వీడికి ఏం పోయిందో చెప్పు నువ్వు."

"హర్షా, నీ గుర్రం కనబడ్తలేదు" అన్నాను. హర్ష ఫోన్ పక్కన పెట్టాడు. మూడు శనివారాలు ఆ గుర్రాన్ని వెతికాడు. నాలుగో శనివారం మా అందరిచేతా వెతికించాడు. రాజ్యం ఏమైపోయిందో ఇప్పటికీ తెలీదు, గుర్రం మాత్రం దొరికింది.

చంకలో నోట్‌బుక్కు ఆయన అలవాటు. సెట్లో ఏ షాటులో ఎవరి గ్లాసు ఏ చేతిలో ఉందో రాసుకున్న మనిషి కాబట్టి, మా ఆటలో ఎవరేమన్నారో కూడా ఒక మూల రాసేవారు. సాయి మొదటివారం మాటవరసకి తన పాత్రకి కుక్కలంటే భయమన్నాడు. రెండు నెలల తర్వాత, కథ చప్పబడిపోయిన ఒక మధ్యాహ్నం, ఆయన నా చెవిలో "ఇప్పుడు కుక్కని వదులు" అన్నారు. వదిలాను. సాయి కుర్చీలోంచి లేచిపోయాడు. "అరేయ్, నీకు గిది గుర్తున్నదారా!" అని నన్ను కావలించుకున్నాడు. అట్టపెట్టె వెనక నేను దేవుణ్ణైపోయాను. అసలు దేవుడు బకెట్టు మీద కూర్చుని టీ చల్లారిందని సణుగుతున్నాడు.

ఆయన చెప్పినవాటిలో నేను ఎప్పటికీ పాటించలేనిది ఒకటుంది. "ఇంకో పది నిమిషాలని వాళ్ళు బతిమాలుతున్నప్పుడే పేకప్ చెప్పెయ్. వాళ్ళు వాచీ చూసుకున్నాక చెప్తే అది పేకప్ కాదురా, విడుదల." ఆయన కూడా పాటించలేదనుకోండి. పాత షూటింగుల కబుర్లు మొదలుపెడితే మా నలుగురి కాళ్ళూ ఆడేవి. ఆయన మా మొహాలే చూసేవారు.

ఇక్కడ ఆపి టెర్రస్ మీద రెండు రౌండ్లు కొట్టి వచ్చాను. అసలు సంగతికి రావాలి.

ఆయన దగ్గర ఒక కథ ఉంది. సొంత కథ. డైరెక్టరైతే మొదటి సినిమాగా తీద్దామనుకున్నది. ఉందని అందరికీ తెలుసు, ఏమిటో ఎవరికీ తెలీదు. అడిగితే తలుపు వైపు చూసేవారు. "ఈ ఏరియాలో టీ కొట్టు దగ్గర కథ చెప్తే, గ్లాసు కింద పెట్టేలోపు ఇంకొకడి పేరు మీద రిజిస్టరైపోతుంది" అనేవారు. హీరోల ఆఫీసుల్లో కూడా ఇంటర్వెల్ దాకానే చెప్పి, మిగతాది ఓకే అంటే చెప్తానని వచ్చేసేవారట. ఎవరూ ఓకే అనలేదు.

నెలన్నర కిందట ఒక సాయంత్రం నన్ను కిందికి పిలిచారు. గది తలుపులు వేశారు. జూబ్లీహిల్స్‌లో ఒక కుర్రహీరో ఆఫీసు నుంచి ఫోనొచ్చిందట, మూడు వారాల్లో టైమిస్తారట. పూర్తి నరేషన్, క్లైమాక్సుతో సహా.

"ఒక్కసారి నీకు చెప్తాను. నీ కాళ్ళు చూడాలి నేను. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

నోట్‌బుక్కు మీద చెయ్యి పెట్టాను.

"నిఖితకి?"

"చెప్పను సార్."

"మీ అమ్మకి?"

"మా అమ్మ అసలు నా మాటే వినదు సార్."

చెప్పారు. గోదావరికి వరద. రేవు దాటుతున్న ఆఖరి లాంచీ, అందులో ఇరవైమంది. లాంచీ నడిపే సరంగు మన హీరో. నది మధ్యలో అతనికి తెలుస్తుంది, ప్రయాణికుల్లో ఒకడు తన తమ్ముణ్ణి చంపినవాడని. ఆ హంతకుడూ ఒకప్పుడు ఇదే రేవులో లాంచీల మీద పనిచేసినవాడు. ఒడ్డుకి చేర్చాలా, నీళ్ళలోకి తొయ్యాలా?

డెబ్భై దాటిన మనిషి ఇంజనయ్యారు, గాలయ్యారు, ఏడుస్తున్న పసిపిల్లయ్యారు. లోపల వంటింట్లో వాళ్ళావిడ, అంటే మా ఆంటీ, మిక్సీ తిప్పుతోంది. సరంగుకి నిజం తెలిసే చోట, ఆయన గొంతు తగ్గించిన క్షణానికి, మిక్సీ ఆగింది. ఇంటర్వెల్‌కి సరిగ్గా టీ వచ్చింది. "ఆవిడకేం తెలీదు, నువ్వు తాగు" అన్నారు ఆయన గుసగుసగా.

క్లైమాక్సులో సరంగూ హంతకుడూ లాంచీ పైకప్పు మీద కలబడతారు. మెరుపులు, ఉరుములు, దెబ్బకు దెబ్బ. ఆయన సగంలో ఆపేశారు.

"ఆడింది."

"ఏంది సార్?"

"నీ కాలు." నోట్‌బుక్కు మూసేశారు. "వీళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే లాంచీ ఎవరు నడుపుతున్నారని కదా?"

అవునన్నాను. పదిహేనేళ్ళ కిందట తొలిసారిగా ఒకచోట ధైర్యం చేసి పూర్తి కథ చెప్తే, ఆ హీరో మేనేజరు అదే అడిగాడట. ఫైటు బాగుంది సార్, మరి అప్పుడు లాంచీ ఎవరు నడుపుతారు? ఆ రోజు నుంచీ ఆయనకి ఇంటర్వెల్ దాటి చెప్పడానికి నోరు రాలేదు. జవాబు కోసం ఎవరినైనా అడుగుదామంటే కథ చెప్పాలి. కథ చెప్తే పోతుంది. పదిహేనేళ్ళు ఒక్కరే ఆ లాంచీలో తిరిగారు. మాకు మాత్రం ప్రతి శనివారం, కథని బల్ల మీద పారెయ్యండి, వాళ్ళనే నడపనివ్వండి అని చెప్తూ వచ్చారు.

ఇక మేమిద్దరం ఆ ప్రశ్న మీద పడ్డాం.

"కమెడియన్ నడిపితే సార్?"

"అందరూ వాణ్ణే చూస్తారు. ఫైటెవడు చూస్తాడు?"

"తాడుతోని కట్టేస్తే?"

"వరదలోనా? నువ్వు గోదావరి చూశావా అసలు?"

"ఫొటోల చూసిన సార్."

"అవతలికి పో."

మెట్ల మీద కనబడితే ఒక ఐడియా, చెత్త వెయ్యడానికి దిగితే ఒక ఐడియా. ఏదీ నిలవలేదు. నరేషన్ గురువారమనగా ఆదివారం నాటికి ఆయన అన్నం మానేశారని ఆంటీ చెప్పింది. "ఫోన్ చేసి రానని చెప్పేస్తానంటున్నారు బాబూ. ఇంకోసారి అదే ప్రశ్న విని లేచి రాలేనంటున్నారు."

సోమవారం పొద్దున నేను మూడో అంతస్తుకి దిగాను. "సార్, సరంగు కొట్టడు. చుక్కాని వదిలేసి, హంతకుడికే ఇచ్చేస్తాడు. నడపమంటాడు."

ఆయన నోట్‌బుక్కు తెరిచారు.

"వాడి మొహం చూస్తుంటే సరంగు చేతులు వణుకుతాయి సార్. అందర్నీ ముంచేస్తానని ఆయనకే భయం. వాడికి బతకాలనుంది, నడపడం వచ్చు. ఒడ్డుకి చేరేదాకా సరంగు వాడి వెనకనే నిలబడతాడు. అందరి ప్రాణాలూ వాడి చేతుల."

ఆయన ముందుకి వంగారు. "ఎక్కణ్ణుంచి వచ్చిందిరా నీకిది?"

"స్నానం చేస్తుంటే వచ్చింది సార్."

ఆయన లేచి గదంతా రెండుసార్లు తిరిగి, "ఏమేవ్, ఇలా రా" అని అరిచారు. ఆంటీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చుక్కాని వాడికే ఇచ్చేస్తాడు!"

"హమ్మయ్య" అందావిడ. "ఇన్నాళ్ళూ ఆ లాంచీ ఎటు కొట్టుకుపోతోందో అని నాకు ఒకటే బెంగ."

"నీకు తెలుసా కథ?"

"రెండు గదుల ఇల్లండీ ఇది."

ఆ రోజు ఆయన నవ్వినట్టు నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. నవ్వు ఆగాక నోట్‌బుక్కు మొదటి పేజీ తీశారు. కథ, మాటలు అని తన పేరున్న చోట, దాని కింద గుండ్రటి అక్షరాలతో 'కథా సహకారం' అని రాసి నా పేరు రాశారు.

"వద్దు సార్" అన్నాను.

"ఎందుకొద్దూ?"

"ఊకెనే ఒక మాటన్న. పేరెందుకు సార్?"

"ఊరికే అన్న మాటే కావాల్సింది. చూడబ్బాయ్, నేను రాసిన సీన్లున్న సినిమాలు చాలా ఉన్నాయి. టైటిల్స్‌లో నా పేరు కోసం ప్రతిసారీ థియేటర్లో మొదటి ఆటకి వెళ్ళేవాణ్ణి. ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళేవాణ్ణి. ఉండేది కాదు. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒకడి ముక్క తీసుకుని వాడి పేరు వెయ్యకపోవడం నా చేతిమీదుగా జరగదు."

నేను టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. నా వినయానికి ఆయన మురిసిపోయారు.

గురువారం నేనే తోడు వెళ్ళాను. నా బండి ఎక్కనన్నారు. "హీరో ఆఫీసు ముందు క్యాబ్‌లో దిగాలి. గేటు దగ్గరే నరేషన్ మొదలవుతుంది" అన్నారు. ఇస్త్రీ చొక్కా నలగకుండా క్యాబ్‌లో వీపు ఆనించకుండా కూర్చున్నారు. జూబ్లీహిల్స్‌లో ఆ ఆఫీసు బయట డ్రైవర్లు కార్లు తుడుచుకుంటున్నారు. లోపల చేపల తొట్టి ముందు రెండు గంటలు కూర్చోబెట్టారు. పిలిచేసరికి హీరో సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, ఫోన్ చూస్తూ "చెప్పండి సార్" అన్నాడు.

ఆయన మొదటి పేజీలోని పేర్లు రెండూ చదివి, ఇంజన్ స్టార్ట్ చేశారు. సరంగు చుక్కాని వదిలి పక్కకి జరిగే చోటికొచ్చేసరికి ఫోన్ బోర్లా పడింది. రెండు కాళ్ళూ నేల మీదికొచ్చాయి. కథ అయిపోయింది.

"ఆ సీను ఇంకోసారి చెప్పండి సార్" అన్నాడు హీరో.

చెప్పారు. మేనేజరు "మేం ఫోన్ చేస్తాం సార్" అన్నాడు. ఫిల్మ్‌నగర్ భాషలో దానికి లేదని అర్థం. ఆయనకి ఆ భాష నాకన్నా బాగా తెలుసు. అయినా బయటికొచ్చి, కాంపౌండ్ గోడ పక్కన ఆగి, "సీను ఇంకోసారి చెప్పమన్నవాడు నా సర్వీసులో లేడురా" అన్నారు. పునుగుల బండి దగ్గర రెండు ప్లేట్లు తిన్నారు. నా ప్లేటు ముట్టుకోలేదని చూసి అదీ తినేశారు. "ఫోన్ రాకపోయినా ఫర్లేదు. అడ్డం పడకుండా ఒడ్డుదాకా చెప్పాను" అన్నారు.

తర్వాత వచ్చిన రెండో మంగళవారం పోయారు.

ఫోన్ వచ్చింది. పెద్దకర్మ అయిన మర్నాడు, నిన్న. సార్ లేరని తెలిసి మేనేజరు అయ్యో అని, హీరోకి ఆ కథ కావాలని చెప్పాడట. నోట్‌బుక్కు పంపమన్నాడు. కథా సహకారం అని ఇంకెవరో ఉన్నారు కదా, టైటిల్స్‌లో పేర్ల సంగతి మాట్లాడాలి, ఆయన్ని కూడా రమ్మనండి అన్నాడు. రేపు పదకొండింటికి.

ఆంటీ నోట్‌బుక్కు నా చేతిలో పెట్టింది. "కథ దగ్గర ఆయన పేరు మొదటిసారి తెర మీద పడబోతోంది బాబూ. పక్కన నీ పేరు. నేను మొదటి ఆటకి వెళ్తాను" అంది. ఆ పేజీ ఇప్పుడు వంటగట్టు మీద, ల్యాప్‌టాప్ పక్కనే తెరిచి ఉంది. నా పేరు కొట్టేశాను. దాని పక్కన 'జూబ్లీహిల్స్ కేఫ్‌లో ఆదివారం సరంగు పాత్ర ఆడిన అమ్మాయి' అని రాశాను. అంతకన్నా నాకు తెలీదు. రేపు ఆఫీసుకి వెళ్ళేముందు ఆంటీకి చెప్పాలి. ఆ అమ్మాయి ఇది చదివితే ఆ ఆఫీసులో అడగాలి, అది తన సీను.

స్నానం చేస్తుంటే నాకేమీ రాలేదు. ఆ ఆదివారం, బల్లల మీద ఆటలాడుకునే ఒక కేఫ్‌లో గేమ్ మాస్టర్ రాలేదని నన్ను పిలిచారు. నలుగురు కొత్తవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేనేమీ సిద్ధం చేసుకోలేదు. నోరు తెరిస్తే లాంచీ వచ్చింది. ఒట్టు గుర్తుంది, గుర్తుండే చెప్పాను. వరద, రేవు, ఇరవైమంది. హంతకుడి మాటలు నేనే పలికాను. నలుగురిలో సరంగు పాత్ర తీసుకున్న అమ్మాయి, పైకప్పు మీద కలబడతారా అని నేనడిగితే, నేను కొట్లాడితే లాంచీ ఎవరు నడుపుతారు అంది. నువ్వే చెప్పమన్నాను. ఆమె, వాడు లాంచీల మీద పనిచేశాడన్నారు కదా, వాడికే ఇస్తాను అంది.

"పిచ్చా? నీ తమ్ముణ్ణి చంపినోడు!" అన్నాడు పక్కనున్నతను.

"అందుకే. వాణ్ణి చూస్తూ నేను తిన్నగా నడపలేను. నా చేతులు వణుకుతాయి. వాడికి బతకాలని ఉంది, వాడు నడుపుతాడు."

డైస్ వెయ్యమన్నాను. "దీనికి డైస్ ఎందుకు?" అని చేతులు రెండూ బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. చుక్కాని పట్టుకుంటావా లేదా అన్నట్టు నా వైపే చూస్తూ కూర్చుంది.

నేను పట్టుకున్నాను. పేరు కూడా అడగకుండా ఆమెని పంపించి, సోమవారం పొద్దున మూడో అంతస్తుకి దిగి, అది నాదేనని సార్‌కి చెప్పాను.